రెండు జానలు, నాలుగు వేళ్లు

సెలవుల్లో ఆఖరి రోజు. గ్రీసులోని నక్సోస్ దీవి ఇసుకలో స్టమాటిస్ కాళ్లు బారజాపి పడుకున్నాడు. పక్కనే కూర్చున్న భార్య ఉరానియా అతని తుంటి దగ్గర బొటనవేలు ఆనించి, మోకాలి వైపు జాన వేసింది.

"ఏయ్, చక్కిలిగిలి! జనం చూస్తున్నారే."

"చూడనీ. కదలకు. ఒకటి... రెండు... ఆపైన నాలుగు వేళ్లు."

"దేనికే కొలత? ఈత నిక్కరు కుట్టిస్తావా?"

"పెట్టె చేసే వడ్రంగి తొడ ఎముక ఎంత పొడుగని అడిగాడు. సాయంత్రంలోగా చెప్పాలి."

"అప్పుడే మూడేళ్లు నిండాయా?"

"నిండాయి. రేపు పొద్దున మన అబ్బాయి ఇలియాస్‌ని ఆచారం ప్రకారం సమాధిలోంచి తవ్వి తీస్తారు. ఎముకలు వైన్‌తో కడిగి, పెట్టెలో సర్ది, చర్చి ఎముకల గదిలో ఉంచాలి. ఈ వారమైనా నువ్వు నవ్వుతుంటే చూద్దామని చెప్పలేదు."

"మరి నా కాలెందుకు కొలిచావు?"

"పిల్లాడు నీ అంతే ఉండేవాడుగా."

అతను లేచి కూర్చున్నాడు.

"కాదు. వాడి ఆఖరి వేసవిలో ఇక్కడే వీపుకి వీపు ఆనించి నిలబడ్డాం. నాకన్నా పొడుగయ్యాడు. నేనే ఒప్పుకోలేదు. ఇంకో వేలు కలిపి చెప్పు."