వెతికినంత మేర

బిలాస్‌పూర్ రైల్వే క్వార్టరు, 1991 మే నెల. పట్టాల లోపలి పగుళ్ళను మిషన్‌తో పరీక్షించే జగన్నాథం ఎంక్వైరీకి ఇవ్వాల్సిన జవాబు చెబుతున్నాడు. ఎమ్మెస్సీ చదివే కూతురు ప్రసూన హిందీలో రాస్తోంది.

"పట్టాలో పగులు నేదు, అని రాసీ."

"అలా రాయకూడదు నాన్నా."

"ఏటి, ఎందుకు రాయకూడదు?"

"పట్టా విరిగి గూడ్సు బండి పడిపోయింది. గార్డు చనిపోయాడు. విరిగిన చోట పాత పగులు ఉందని వాళ్ళే అంటున్నారు. నువ్వు లేదంటే అబద్ధమైపోతుంది. 'కనపడలేదు' అందాం."

"రెండూ ఒకటే కదా."

"ఒకటి కాదు. లేదు అని సైన్సు ఎప్పుడూ అనదు. వెతికినంతలో దొరకలేదు అంటుంది, అంతే."

"అది సైన్సా, వేదాంతమా?"

"రెండూనూ. మనకి ఎంతవరకు తెలుసో అంతవరకే చెప్పడం. మా క్లాసులో మొదటి రోజు చెప్పింది ఇదే."

"అచ్ఛా. అలాగైతే కనపడనేదు అనే రాసీ. సంతకం ఎక్కడ?"

"ఉండు. కీమేన్ పైడిరాజు మామయ్య సంగతో?"

"ఆడి ఊసెందుకిప్పుడు?"

"రోజూ ఆ పట్టా చూసుకుంటూ నడిచేది ఆయనే అని సస్పెండ్ చేశారు కదా. లోపలి పగులు కంటికి కనపడదని నువ్వు ఒక్క ముక్క రాస్తే ఆయన బయటపడతాడు."

"అప్పుడందరూ నా యేపే సూస్తారు. నా డూటీ పోతే ఈ క్వార్టరూ పోద్ది."

"ఎందుకు పోతుంది? నువ్వు వెతికావు. మిషన్‌కి అందలేదు. మిషన్‌కీ ఒక హద్దుంటుంది, అందులో నీ తప్పేముంది?"

"ఆ కిటికీ మూసీ. వేడిగాలొస్తంది."

"మూసే ఉంది నాన్నా. ఆ చోట మిషన్ తెర మీద ఏం కనపడిందో అంకెలతో రాద్దాం, చెప్పు."

"ఏటీ కనపడనేదు అన్నాను కదా."

"బాగున్న పట్టాకైనా, మిషన్ పంపిన శబ్దం అడుగును తాకి తిరిగొచ్చినట్టు గీత ఒకటి కనపడాలి. అదెంత?"

"రాసింది సాలు ప్రసూనా. ఇటియ్యి, సంతకం పెట్టీస్తాను."

"నాన్నా. ఆ గీత కూడా రాలేదా?"

"మిషన్ కింద నీళ్ళు పారితేనే ఏ గీతైనా వచ్చీది. ఆ ఎండకి డబ్బాలో నీళ్ళు ముందే అయిపోనాయి. ఆ చోటుతో కలిపి ఆఖరి రెండొందల మీటర్లూ ఊరికే తోసుకొచ్చీసినాను. కనపడనేదన్నది నిజమేనమ్మా, అలాగే ఉండనీ."