తిరిగే గడప

జగ్దల్‌పూర్ గోల్ బజార్‌లో పొద్దున దుకాణాలు తెరిచే వేళ. కింద మరిది హరిప్రసాద్ బట్టల కొట్టు, పైన వదిన సుశీల చీరల కొట్టు. ముందు వసారాలో సుశీల పెట్టించిన ఎస్కలేటర్ మళ్లీ ఆగిపోయి ఉంటే, ఆమె దాని అడుగు మెట్టు మీద తీరిగ్గా కూర్చుని చాయ్ తాగుతోంది. వదిన మీద జాలిపడే భాగ్యం ఇంకోసారి దొరికినందుకు హరిప్రసాద్‌కు పొద్దున్నే కడుపు నిండినట్టుంది.

“అందుకే అంటున్న వదినె, ఇంక చాలు. ఈ ఇనుప దయ్యంతోటి నువ్వేగలేవు. మళ్లీ ఆగింది కదా?”

“ఆగింది హరీ. కూర్చో. ఆగిన మెట్టు కూర్చోడానికి మంచిగుంటది.”

“కూర్చునే తీరిక నాకేడిది? దసరా దగ్గరికొచ్చింది. రథం చూడ్డానికి బస్తర్ అంతా ఇక్కడే దిగుతది. పండుగ గిరాకీ చేజారినంక ఏడ్చి ఏం లాభం? పై అంతస్తు నాకిచ్చెయ్. నువ్వు ఇంటిపట్టున ఉండు. నీకేం తక్కువ చెయ్యను. రేపే రిజిస్ట్రీ ఆఫీసుకు పోదాం.”

“పోదాం.”

“పోదామా?”

“పోదాం అన్న కదా. పోయే ముందు ఇది ఎందుకాగిందో చెప్పు. కొనేటోడివి, సరుకు చూసుకోవా?”

“నాకేం తెలుసు? మెషిన్ అన్నంక ఆగుతది. వాస్తు కూడా మంచిగ లేదు. దక్షిణం మొహం పెట్టి ఎక్కుడు ఏంది? అన్న ఉంటే ఇటువంటిది పెట్టనిచ్చేటోడా?”

“మీ అన్నే పెట్టిద్దామన్నడు. మోకాళ్లు పట్టేసి, సగం మెట్ల మీద కూలబడి, అక్కడి నుంచే నాకు గల్లా తాళాలు విసిరేటోడు. పంపకాలప్పుడు నువ్వు ఆయన మోకాళ్లు చూసే కదా పై అంతస్తు మాకంటగట్టినవ్?”

“అదెందుకు ఇప్పుడు? నీడపట్టున ఉంటరని ఇచ్చిన.”

“నీడకేం, కావలసినంత. మనిషి నీడ కూడా పడకపోయేది.”

“సరే సరే. ఇది ఎందుకాగిందో నువ్వే చెప్పు. ఈమధ్య ఇంజనీరమ్మవు అయినవ్ కదా.”

“రాయ్‌పూర్ మిస్త్రీ మూత లేపి పని చేసినంతసేపు పక్కన పీటేసుకుని కూర్చున్న. నాకు రానిది నేను అడుగుతా హరీ, అదే నాకూ నీకూ తేడా. పైన ఆ ఇనుప రేకు ఉన్నది చూడు, దాని కింద మోటార్. అది పళ్ల చక్రాన్ని తిప్పుతది. చక్రానికి రెండు గొలుసులు, అటొకటి ఇటొకటి. మెట్లన్నీ ఆ గొలుసులకే తగిలించినరు. మన రథాన్ని తాళ్లు పట్టి లాగరా, అట్ల.”

“అమ్మవారి రథంతోటి పోల్చకు. కళ్లు పోతయ్.”

“దీన్ని దేవతను చేసిందే నువ్వు. ఓపెనింగ్ రోజు నా కొబ్బరికాయ నా చేతికి రానియ్యకుండ, ఇంటికి మగదిక్కు నేనని గుంజుకుని, మెట్ల మీదనే కొట్టినవ్.”

“శుభం అని కొట్టిన.”

“శుభమే అయింది. చిప్ప ముక్క పోయి ఆ దువ్వెనల ఇరికింది.”

“దువ్వెన ఏంది?”

“మెట్ల మీద నిలువు గాడులు కనబడుతున్నయా? పైనా కిందా మెట్టు నేలలకు దూరే చోట దువ్వెన లెక్క పళ్లుంటయ్. అవి ఆ గాడుల్ల కూర్చుంటయ్. చెప్పు ముక్కో, చీర కొంగో మెట్టుతో పాటు లోపలికి పోకుండ అవి ఆపుతయ్. ఏదన్నా ఇరికి దువ్వెన కదిలిందనుకో, దాని వెనక స్విచ్చి ఉన్నది, మెషిన్ అప్పటికప్పుడు బంద్. నీ కొబ్బరికాయకు మొదటి రోజే బంద్ పడింది. ఊరంతా చూసింది.”

“ఇప్పుడు కూడా ఏదో ఇరికి ఉంటది.”

“చూసిన. ఏం లేదు. దువ్వెన నీ తల కంటే శుభ్రంగున్నది.”

“అయితే ఆ పక్కన. చీరలంటే కుచ్చిళ్లు, కొంగులు. నేను ముందే చెప్పిన, ఆడోళ్లు ఎక్కేది కాదిది.”

“పక్కన బ్రష్ పెట్టినరు, పొడుగునా. కుచ్చిళ్లకు తగిలి, ఇటు రాకు అని చెప్తది. దాన్ని కూడా దాటి ఏదన్నా సందుల దూరితే అక్కడ ఇంకో స్విచ్చి. దూరలే. నల్ల బెల్టు, చెయ్యి పెట్టి పట్టుకునేది, అది నేలలకు పోయే కాడ పిల్లలు వేలు పెడతరని అక్కడొక స్విచ్చి. ఏ వేలూ పోలే.”

“గొలుసు వదులయిందేమో.”

“వదులయితే ఆగుతది, నిజమే. గొలుసు సాగినా తెగినా కింద గుంటల స్విచ్చి పట్టేస్తది. మెట్టు ఊడిపోయినా పట్టేస్తది, లేకపోతే ఆ బొందల మనిషి పడడా? మొన్న మిస్త్రీకి ఫోన్ చేసి ఒక్కొక్కటి అడిగి, కింద మూత లేపి, నా కొట్ల పనిచేసే భీమేతోటి లైటు పట్టించి చూసిన. గొలుసు బిగువుగున్నది. మెట్లన్నీ ఉన్నయ్. నీ గడప కూడా ఉన్నది.”

“నా గడపా?”

“మర్చిపోయినవా? కొబ్బరికాయతో ఆగినవా నువ్వు? దుకాణానికి ఇదే గడప అని ఒక మెట్టుకు ఇంత పసుపు రాసి కుంకుమ బొట్లు పెట్టినవ్. నేను అరుస్తనే ఉన్న, హరీ ఇది తిరిగే మెట్టు, గడప కాదని.”

“పూజ అన్నంక గడపకు పెట్టకుండ ఎట్ల?”

“గడప ఎక్కడన్న ఊరేగుతదా హరీ? పైకి పోయిన మెట్టు పైననే ఉండదు. అడ్డం తిరిగి, తలకిందులై, కడుపు కింద నుంచి వచ్చి మళ్లీ ఇక్కడ లేస్తది. నీ గడప పొద్దంతా మాయమవుడు, లేచుడు. కడుగుదామంటే పసుపు గాడుల్లకు పోయింది, బ్రష్‌తో తోమినా రాలే. జనం వచ్చి నిలబడేటోళ్లు. ఎక్కుదామని కాలు లేపంగనే పసుపు మెట్టు. గడప తొక్కుతరా? వెనక్కి తీసుకునేటోళ్లు. మళ్లీ ధైర్యం చేసేలోపు మళ్లీ అదే వచ్చేది. నీ గడపకు దండం పెట్టి నీ దుకాణంలకే పోయేటోళ్లు.”

“నేను తెలిసి చేసిన్నా?”

“తెలిసి చేసినంత తెలివి నీకుందని ఎవరన్నరు? ఓపెనింగ్ అయినంక రోజూ సాయంత్రం పైన ఒక్కదాన్నే కూర్చుని ఏడ్చిన. మీ అన్న నగలు అమ్మద్దన్నడు, ఆయన పోయినంక అమ్మి పెట్టించిన. ఈ అంతస్తు పోతే నాకు మీ ఇంట్ల వంటచేసుడు తప్ప ఇంకో పని లేదని ఏడ్చిన.”

“నా భార్యకు సాయంగ ఉంటవు, తప్పేమున్నది?”

“తప్పేం లేదు. నీ భార్య ఉప్పు ఎక్కువేస్తది, అదొక్కటే.”

“వదినె, నువ్వు మాట మారుస్తున్నవ్. స్విచ్చిలన్నీ మంచిగుంటే మరెందుకాగింది?”

“అదే కదా నేనడిగేది. ఇంకొక్కటే మిగిలింది.”

“కరెంటు.”

“కరెంటు పోతే నీ ఫ్యాను తిరుగుతదా? ఇంకోటి చెప్పనా, కరెంటు పోతే ఇది వెనక్కి జారదు. బ్రేకును స్ప్రింగు పట్టుకుని ఉంటది. కరెంటు ఉన్నంతసేపే బ్రేకు వదులుతది. పోయిందా, గట్టిగ పట్టేస్తది. నేను కరెంటు సంగతి చెప్తలే. ఆ ఎర్ర బటన్ సంగతి చెప్తున్న.”

“ఏ ఎర్ర బటన్?”

“నీ మోచేతి పక్కన ఉన్నది.”

“ఇదా. నేనిప్పటిదాక చూడనే లేదు.”

“దాని మీద సీదా రాసి ఉన్నది, ప్రమాదం వస్తేనే నొక్కాలని. ఎవరన్న పడ్డా, చీర ఇరికినా, పక్కనున్నోళ్లు ఎవరైనా నొక్కచ్చు. నొక్కితే మెషిన్ ఆగుతది. మళ్లీ దానంతట అది లేవదు. మెట్ల మీద ఎవరూ లేరని చూసి తాళం చెవి తిప్పాలె. ఆ చెవి నా నడుముకే ఉన్నది.”

“అయితే ఏ పోరగాళ్లో ఆటకు నొక్కుతున్నరు.”

“నేనూ అదే అనుకున్న. కానీ మొన్న ఘోరమయింది హరీ. నీకు చెప్పద్దనుకున్న.”

“ఏమయింది?”

“చింతపండు అమ్మే ఇర్మా లేడూ, వాని పెండ్లాం సగం మెట్ల మీద ఉన్నప్పుడు ఆగింది. నడుస్తున్నది ఒక్కసారి ఆగితే మనిషి నిలబడతదా? ముందుకు పడ్డది. మోకాలు చిట్లింది. ఇర్మా పోలీసు థానాకు పోతా అంటున్నడు.”

“మొన్ననా?”

“మొన్ననే. మధ్యాహ్నం.”

“అట్లెట్లయితది? మొన్న మధ్యాహ్నం మెట్ల మీద ఎవరూ లేరు.”

“ఉన్నది. ఇర్మా పెండ్లాం ఉన్నది.”

“లేదు వదినె. నేను పైదాక చూసిన. కిందా మీదా ఒక్క మనిషి లేనప్పుడే...”

“లేనప్పుడే?”

“లేనప్పుడే ఆగింది అంటున్న.”

“ఆగిందా, ఆపినవా?”

“ఏంది వదినె, పొద్దున్నే.”

“ఇర్మా థానాకు పోతున్నడు హరీ. ఆమె కాలు వాచి ఇంత అయింది.”

“నా మీద ఒట్టు, ఎవరూ లేనప్పుడే నొక్కుతా. ప్రతిసారీ చూసుకునే నొక్కుతా. ఒక్క మనిషి ఉన్నా చెయ్యి వెయ్యను. ఆమె ఎక్కడి నుంచి వచ్చిందో నాకు తెల్వదు.”

“ఎక్కడి నుంచీ రాలే. ఇర్మాకు ఇంకా పెండ్లే కాలే.”

“పెండ్లే కాలేదా!”

“చాయ్ తాగుతవా?”

“వద్దు.”

“తాగు. మొహం పాలిపోయింది.”

“నేనేం దొంగతనం చెయ్యలే వదినె. ఇది నా దుకాణం మొహం మీద నుంచే పైకి పోతున్నది. రోడ్డు మీద నుంచి వచ్చినోడు నా గుమ్మం ముందే మాయమై నీ దగ్గర తేలుతడు. నేను గద్దె మీద కూర్చుని వాళ్ల చెప్పులు చూస్తుండాలె. నీకైతే ఎట్లుంటది?”

“మనిషి కడుపు మండుతది. నాకు తెల్వదా? ఇన్నేండ్లు పైన కూర్చుని నీ గుమ్మం ముందు జనం నెత్తులు చూసినదాన్ని. నేను ఏ బటనూ నొక్కలే. నాకు బటన్ లేకుండె.”

“తప్పయింది. ఇంక నొక్కను. అయినా నేను నొక్కినా నొక్కకపోయినా ఇది నడిచేది కాదు, నీకూ తెలుసు. ఆగిన మెషిన్‌ను చూస్తందుకు జనం ఎక్కుతున్నరు, తమాషా చూసి పోతున్నరు. చేతిల సంచి పట్టుకుని దిగినోడిని ఒక్కడిని చూడలే నేను.”

“దిగేటోళ్లు ఎటు నుంచి దిగుతరు హరీ?”

“ఎటు నుంచి అంటే... ఇది ఎక్కేదే కదా. వెనక మెట్ల నుంచి. కూరగాయల సందులకు.”

“నీ గద్దె మీద నుంచి ఆ సందు కనబడతదా?”

“కనబడదు.”

“మరి సంచులు ఎట్ల కనబడతయ్?”

“అంటే?”

“నీ గల్లా పక్కన చీరల అల్మారా ఎప్పటి నుంచి ఊరికే ఉన్నదో చెప్పు. మొన్న నీ పెద్ద గిరాకీ, కొంటా ఊరి వెంకమ్మ, కూతురు పెండ్లి చీరలు ఎక్కడ కొన్నదో అడిగినవా?”

“భద్రాచలం పోయి తెచ్చుకున్నరన్నది.”

“నీకు మొహమాటపడి చెప్పింది. పైకొచ్చి పొద్దంతా కూర్చుని పోయింది, ఇద్దరు వియ్యపురాళ్లను కూడా తీసుకుని.”

“ఆ మెషిన్ ఎక్కిందా? వెంకమ్మకు బస్సు ఎక్కాలంటేనే కాళ్లు వణుకుతయ్.”

“నడిచే మెషిన్ అయితే ఎందుకెక్కుతది? అది నడిచినన్ని రోజులు ఎవరెక్కిన్రు గనక? అడుగు వేద్దామంటే నేల జారిపోయే. భీమే ఒక్కొక్కరిని చెయ్యి పట్టి ఎక్కిస్తే పైన దిగుడు రాక ఏడ్చేటోళ్లు. దానికి తోడు నీ గడప. కంపెనీవాళ్లు మీ జనానికి అలవాటు కావాలె అన్నరు. ఎప్పటికి కావాలె? నేను ఇంక చాలనుకుని, నీకే ఇచ్చేద్దామని దిగి వస్తున్న రోజున అది ఆగింది.”

“ఏ రోజు?”

“నువ్వు మొదటిసారి నొక్కిన రోజు. తాళం తిప్పుదామని నేను చెవి తీసుకుని దిగేలోపు ఎవరో ముసలమ్మ కాలు పెట్టి చూసింది. కదలలే. ఇంకో కాలు పెట్టింది. నీ పసుపు మెట్టు ఎదురుగ నిలబడి ఉన్నది. నిలబడ్డ గడపను దాటుడు మన ఆడోళ్లకు పుట్టినప్పటి నుంచి అలవాటే కదా, కళ్లకద్దుకుని దాటింది. ఆమె వెనక ఊరంతా ఎక్కింది.”

“మరి నువ్వు తాళం...”

“ఆ రోజు నుంచి పొద్దున్నే తిప్పుడు, నడిపిచ్చుడు, నువ్వు వచ్చి ఆపేదాక ఎదురు చూసుడు. నువ్వు నొక్కినంక పొద్దుగూకేదాక దాన్ని ముట్టుకున్ననా? మిస్త్రీని పిలిచిన్నా?”

“అదేందో నువ్వే ఆపుకోవచ్చు కదా.”

“నేనే ఆపితే ‘మెషిన్ పెట్టించి నడిపించుడు రాదు, కరెంటుకు భయపడింది’ అని బజార్‌ల నవ్వుతరు. నువ్వు ఆపుతుంటే చూసి ‘పాపం, ఒంటరి మనిషి’ అని జాలిపడి ఎక్కుతున్నరు. ఎక్కినంక చీర చూడకుండ ఏ ఆడమనిషి దిగుతది?”

“రేపు రిజిస్ట్రీ ఆఫీసుకు...”

“రేపు తీరదు హరీ, రథం చూస్తందుకు జనం దిగుతున్నరు. నువ్వు మాత్రం జరంత తొందరగ వచ్చి నొక్కు. నిన్న బాగా ఆలస్యం చేసినవ్, పొద్దుటి గిరాకీ అంతా పోయింది.”