జీవమ్మ గాడిపొయ్యి

కూర్చో పాపా అక్షయా, యాడికి లేస్తాండావ్? ఇంత వానలో ఆళ్ళగడ్డ బస్సు నీకోసరమే వస్తాదా ఏందీ? కాళ్లు పైకి పెట్టుకో, జల్లు కొడ్తాంది. ఆ బొరుగుల గిన్నె ఇట్ల జరుపు. ఆ... గోడ మీద ఫోటోలో ఎవురని అడిగితివే, అది మా అక్క జీవమ్మ. ఆయమ్మ పోయేనాటికి నువ్వింకా ఉయ్యాల్లో ఉన్నావ్‌లే. ఆళ్ళగడ్డలో సభలు పెడితే వంటంతా ఆయమ్మదే. పందిరి ఎనకాల మోకాటి లోతు గాడి తవ్వించి, దాని మీద వరసగా గుండిగలు ఎక్కించేది. "ఏమప్పా గురుస్వామీ, కట్టెలు తెమ్మంటే పెండ్లికొడుకు మాదిరి నడుస్తాండావ్?" అని అరిసిందంటే మైకులో పాస్టరయ్య వాక్యం ఆపేటోడు. నవ్వుతాండావా? ప్రభువు తోడు, నిజం.

ఏం చెప్తాంటి? ఆ, మా అక్క ఫిలిప్పీన్సు దేశానికి పోయిన సంగతి. ఆడ పెద్ద తుఫాను కొట్టి ఊర్లకూర్లే సముద్రంలోకి ఈడ్చుకోని పోయిందని టీవీలో చూపించినారు. మన నంద్యాలలో అప్పుడు కరుణ సంఘమని ఉండేది, దేవుని పేరు మీద ఆపదలో ఉండేటోళ్లను ఆదుకునేటోళ్లు. డాక్టర్లను పంపిస్తా, మా అక్కనూ అడిగినారు. ఆ దేశమోళ్లు గూడా మన మాదిరి అన్నం తినేటోళ్లే, ఊరు ఊరికంతా గంజి కాయల్ల, నువ్వు రావల్లమ్మా అని. ఆయమ్మకేమో నీళ్లంటే చచ్చేంత భయం. చిన్నప్పుడు కుందేరు పొంగితే మా నాయన మమ్మల్ని మిద్దె మీద కూర్చోబెట్టినాడు, ఆ భయం పోనే లేదు. సముద్రమైతే కండ్లతో చూసిందే లేదు. ఉపవాసముండి ప్రార్థన చేసుకోని, నన్ను పిలిచి "రే యేసుదాసూ, ఆకలిగొన్నోళ్లు పిలిస్తే పోకుంటే రేపు ప్రభువుకు ఏ మొగం చూపించల్ల?" అనింది. ఆ పొద్దే మూట కట్టింది.

ఆడికి పోయినాక ఒగ ఇస్కూలు మిద్దెలో దిగినారు. ఈ సంగతులన్నీ ఆయమ్మ చెప్పింది కొంత, తోడు పోయిన సంఘం పిల్లోడు జయప్రకాష్ చెప్పింది కొంత. మన ఆయమ్మ దిగీదిగంగానే వాకిట్లో గాడి తవ్వించింది. జయప్రకాష్ "అత్తా, గ్యాసు ఉండాది కదా" అంటే, "రేపు పెండ్లాం వస్తే దానికి కాఫీ పెట్టియ్యి పో నీ గ్యాసు మీద" అనింది. గంజికి అందరికంటే ముందు ఒగ ముసలామె వచ్చేదంట. ఈమె మాట ఆమెకు రాదు, ఆమె మాట ఈమెకు రాదు. ఇంగో గంటె పొయ్యమని కొంగు పట్టుకోని గుంజేది. "వచ్చినావా తల్లీ, నా కొంగు చినిగేదాకా ఇడిసవా నువ్వు?" అని ఈయమ్మ నవ్వుకుంటా పోసేది.

అంతలోనే రొండో తుఫాను వచ్చింది పాపా. ఊరోళ్లంతా ఆ మిద్దెలోకే చేరినారు. తెల్లారుతానే పట్టుకునింది గాలి. గాలి మాదిరి లేదు యేసుదాసూ, బైట ఎవురో నిలబడి తలుపు తియ్యమని ఏడ్చినట్లే ఉండె అనేది. గోడకు వీపు ఆనించుకుంటే గోడే వణుకుతాందంట. పిల్లోళ్లు ఏడుపు గూడా మర్చిపోయినారు. ఆ మాదిరి కొట్టి కొట్టి... టక్కన నిలిచిపోయింది. గాలి లేదు, చినుకు లేదు. కిటికీలోంచి ఎండ పడింది.

మన కుందేటి కాడోళ్లకు తెలిసింది ఏముంది చెప్పు? వాన నిలిస్తే అయిపోయినట్లే. ఇంగ నీళ్లు తీసేదే, పొయ్యి ముట్టించేదే. "దేవునికి స్తోత్రం" అని లేచింది మా అక్క. ఆ ఊరోళ్లు ఒగరు గూడా కదల్లేదు. పాపం సొమ్మసిల్లినారు, బిడ్డల కడుపులో ఏం పడలా, బేగా గంజి కాయల్ల అనుకోని వాకిట్లోకి పోయింది. ఎనకాలే ముసలామె పరిగెత్తి వచ్చి కొంగు పట్టుకోని గుంజుతాంది, ఏందేందో అరుస్తాంది. "ఉండు తల్లీ, నీకే ముందు పోస్తాలే" అని ఈయమ్మ గాడి కాడికి నడిసింది. తుఫానుకు నడిమధ్యన గాలీ వానా లేకుండా బోడిగా ఉంటాదంట పాపా. అది దాటినాక గాలి ఎదురు దిక్కు నుంచి తిరగబడి కొడ్తాది. ఆ ఊర్లో పసిబిడ్డకు గూడా తెలుసంట ఆ సంగతి.

చూస్తాంటేనే ఎండ పోయింది. ముసలామె ఈయమ్మను గాడిలోకి ఒగ తోపు తోసి, తానూ మీద పడింది. పైన రేకులు ఎగురుతాండాయి, గుండిగలు దొర్లుతాండాయి. బూడిదనీళ్లు నోట్లోకి పోతాంటే మా అక్క కండ్లు తెరవలా. కొంగు బిగువుగానే ఉంది, ఆమె పట్టుకోనే ఉంది, ప్రభువా, పట్టుకోనే ఉండనీ అని అదే ప్రార్థన. ఎప్పుడో మరి... కొంగు తేలికయింది.

గాలి పోయినాక జయప్రకాష్ వచ్చి, "లెయ్యి అత్తా, అయిపోయింది" అంటే, బూడిద మొగం ఎత్తి, "ఎవురు చెప్పినారు నీకు?" అనిందంట. ముసలామెను ఎంత ఎతికినా దొరకలా. పేరు గూడా తెలీదు మా అక్కకు. ఈడికొచ్చినాక రోజూ ప్రార్థనలో "ఆ తల్లి" అనే చెప్పుకునేది. మన ప్రార్థన గుళ్లో ఉండంగా వాన నిలిస్తే తలుపుకు అడ్డం నిలబడేది, ఒగర్ని బైటికి పోనిచ్చేది కాదు. "ఏమ్మా జీవమ్మా, కుందేటికి గూడా తుఫాను వస్తాదా?" అని నవ్వేటోళ్లు. నేనూ నవ్వినా. ఆయమ్మ మొగం చూసినాక ఇంగ నవ్వలా.

ఏందీ, వాన నిలిచిందా? ఎండ గూడా వచ్చిందా?

కూర్చో పాపా. చెప్పులు తొడుక్కోవద్దు. అయిపోయిందని ఎవురు చెప్పినారు నీకు?