సెట్టుకి సున్నా

"టీచరుగారూ, మా మూడో తరగతిలో పూజిత అని ఒక పాప ఉందండి. లెక్కలు బాగా చేస్తుంది గానీ, బడి తెరిచిన దగ్గర్నుంచి ఒక్క మాట మాట్లాడలేదు. వాళ్ళ నాయనమ్మ సింహాచలం గారు చిన్నప్పుడు మీ దగ్గరే చదువుకున్నారంట కదా. ఏం చెయ్యాలో మీరేమైనా చెబుతారని వచ్చానండి..."

ఎవులి మనవరాలన్నావు? సిమ్మాసలం మనవరాలా?

ఆఁ. అలగా. కూర్సోమ్మా ముందు. ఆ కుర్సీ వద్దు, దాని కాలు ఊగుతాది, ఇలగ మంచం మీద కూర్సో. టీ ఎట్టనా? పాలున్నాయో లేవో... ఒక్కదాన్ని కదా, సిన్న పాకెట్టు తెచ్చుకున్నా రెండ్రోజులొస్తాది, మూడో రోజుకి ఇరిగిపోతాది. వద్దా? వద్దంటే వద్దులే.

ఏటి అలగ సూస్తన్నావు? టీచరుగారు ఇలగ మాటాడతాదేటీ అనా? బయట మాటాడనమ్మా. బయట ఇప్పటికీ రేడియోనే. ఇంట్లోనే ఇలగ. రిటైరైన కాడ్నుంచి నెమ్మది నెమ్మదిగా తిరిగొచ్చీసింది. పొయ్యి కాడ నాలో నాను గొణుక్కుంటాను గదా, "ఉప్పేసినానా, ఎయ్యలేదా" అని, అక్కడ మొదలైంది. గోడల్తోటి మాటాడితే గోడలేటంటాయి, తప్పు దిద్దవు గదా. నీ ముందర ఎందుకొచ్చీసిందో మరి. ఆ పేరు ఇన్నాను కదా, అందుకేమో.

మాది కొండకింద పాకలు. జీడితోటల్లో. నర్సీపట్నం రావాలంటే అప్పట్లో నడకే, ఎవులిదైనా ఎడ్లబండి దొరికితే పండగ. మాయమ్మ జీడిపిక్కలు ఏరడానికి ఎల్లీది. పలక అర్ధరూపాయి, కొనలేక అన్నయ్యదే పగిలిన ముక్క నాకిచ్చినాది. ఆ ముక్క మీదే సదివినాను. మా పాకల్లో పది పాసయిన మొదటి గుంటని నానే. చర్చిలో పాస్టరుగారు లేపి నిలబెట్టి సప్పట్లు కొట్టించినారు. మాయమ్మ లేసి పార్దన సేసినాది, "తండ్రీ, నీకు స్తోత్రాలు సెల్లిస్తన్నాం" అని. సెల్లిస్తన్నాం అన్నాది, చెల్లిస్తున్నాం అనలేదు. దేవుడు ఆవిడకి సున్నా ఎయ్యలేదు. అది నాకు సానా కాలం తోచలేదులే.

ట్రైనింగుకి ఎల్లినానా, అక్కడ హాస్టల్లో అమ్మాయిలందరూ దిగువ జిల్లాలోల్లు, గోదావరి ఏపోల్లు. నాను "సూడు, సెప్పు, సేప" అంటే సాలు, పగలబడి నవ్వీవోరు. ఒకమ్మాయి నాకు పేరు కూడా పెట్టినాది, "సేపమ్మ" అని. అక్కడే నిర్ణయించుకున్నానమ్మా. నూతికాడ బట్టలుతుక్కుంటా, ఎవులూ లేనప్పుడు, చ చ చ అని అనుకునీదాన్ని. చింత, చీమ, చుక్క, చేట. స అంటే నాలిక కింద పడుంటాది, చ అంటే అంగిటికి తగలాల. ఆరు నెలలు పట్టినాది.

సెలవులకి ఇంటికెల్లి "అమ్మా, చేపల కూర చేశావా?" అన్నాను. మాయమ్మ నన్ను అలగే సూసినాది. సూసి సూసి, "రేడియోలోన మనిసిలాగ మాటాడతన్నావే" అని నవ్వినాది. గొప్పగానే అన్నాది. కానీ ఆ తరవాత నాతో మాటలు తగ్గించీసినాదమ్మా. సిగ్గు. నా ముందర నోరిప్పడానికి మాయమ్మకి సిగ్గు. పక్కింటోల్లతోటి గలగలా మాటాడీది, నాను గుమ్మం దాటి వస్తే ఆపీసేది, "టీచరమ్మ వచ్చినాది" అనీది. సచ్చిపోయే ముందు కూడా ఏటో సెప్పాలని నోరిప్పి, నన్ను సూసి, ఊరుకున్నాది. అదేటో నాకిప్పటికీ తెలీదు.

ఆఁ, నువ్వడిగింది సిమ్మాసలం గురించి కదూ. వస్తన్నాను, వస్తన్నాను.

నా మొదటి పోస్టింగు మా పాకలకి రెండు మైళ్ళ దూరంలో ఊరి బడి. ఊరి రైతుల పిల్లలూ వచ్చీవోరు, పాకల గుంటలూ వచ్చీవోరు. సున్నం ఏసిన రెండు గదులు, వానొస్తే ఒకటే గది. నాను బాగా చెప్పీదాన్నని పేరు. చెప్పేదాన్ని... అగో సూడు, చ వచ్చీసింది. బడి మాట ఎత్తితే సాలు, నా నాలిక సేతులు కట్టుకుని నిలబడిపోతాది.

శనివారం శనివారం డిక్టేసను పెట్టీదాన్ని. చెట్టు, చేప, చీర, చెరువు. ఊరి పిల్లలకి పదికి తొమ్మిది, పదికి పది. ఆల్ల ఇల్లల్లో ఆల్ల నాన్నలు పేపరు సదివీవోరు, తాసిల్దారాఫీసుకి తిరిగీవోరు, ఆల్లకి చ ఇంట్లోనే ఉన్నాది. పాకల గుంటలు ఇంట్లో ఏటి ఇంటే అది రాసీవోరు. సెట్టు, సేప, సీర, సెరువు. సున్నా, సున్నా, సున్నా. ఎర్రింకు పెన్నుతోటి సున్నా సుట్టడంలో నాను మా గొప్పదాన్ని, గాజులాగ గుండ్రంగా సుట్టీదాన్ని.

అందరికీ ఒకే పుస్తకం ఇచ్చినారు గవర్నమెంటోరు. ఒకే బల్ల, ఒకే సుద్దముక్క. నానూ అందరికీ ఒకే పదాలు చెప్పినాను, ఒకే ఇంకుతో దిద్దినాను. అంతా సమానమే కదా అనుకున్నాను. మా పాకల గుంటలని కూడా ఇడిసిపెట్టలేదని, నాకు పచ్చపాతం లేదని, లోపల లోపల మురిసిపోయీదాన్ని. ఆ గుంటలు బడిగుమ్మం తొక్కేసరికే పది మెట్లు కిందనున్నారని... తెలీదా అంటే తెలుసమ్మా. నాకు తెలీకపోతే ఇంకెవులికి తెలుస్తాది? తెలుసుండే సేసినాను.

సిమ్మాసలం నాలుగో తరగతి. ఆల్లమ్మకి పిల్లలు దక్కక, సిమ్మాసలం కొండ మీద అప్పన్నకి మొక్కుకుంటే పుట్టిన గుంట. అందుకే ఆ పేరు. సన్నగా సువ్వలాగుండీది. ఎక్కాలంటావా, పదిహేడో ఎక్కం ముందునించీ సెప్పీది, ఎనకనించీ సెప్పీది. లెక్కల్లో దాన్ని మించినోల్లు ఊరి పిల్లల్లో కూడా లేరు. డిక్టేసనుకొస్తే సున్నా. ఒక శనివారం నాను అందరి ముందరా అన్నాను, "ఈ సున్నాలన్నీ దండ గుచ్చి మెడలో వేసుకో" అని. తమాసాకే అన్నాను. పిల్లలు నవ్వినారు.

ఇంక ఆ గుంటకి బయం పట్టుకున్నాది. స అంటే తప్పు అని తలకెక్కించుకున్నాది. ఏ మాటకి స ఉన్నా చ పెట్టీసేది. చూర్యుడు అనీది. చముద్రం. చాయంత్రం. నాను నవ్వుకునీదాన్ని, పక్క గది మేస్టారికి కూడా సెప్పీదాన్ని, "ఈ రోజు చూర్యుడు ఉదయించాడండీ" అని. దానికేటి సెప్పాల, "అమ్మా, కొన్నిటికి స ఉంటాది, కొన్నిటికి చ ఉంటాది, నాకూ నీలాగే తెలిసీది కాదు, నేర్సుకున్నాను, నువ్వూ నేర్సుకుంటావు" అని సెప్పాల గదా. ఒక్కమాట. నానూ పాకల గుంటనే అని ఒక్క మాట. ఆ మాట సెప్పడానికి నాకు సిగ్గు.

ఆ ఏడాదే పైనించి ఆఫీసరుగారొచ్చినారు ఇన్‌స్పెక్సనుకి. ముందు బల్లలో సిమ్మాసలాన్ని కూర్సోబెట్టినాను, ఎక్కాలు సెప్పించి మెప్పు పొందుదామని. సెప్పినాది. పదిహేడో ఎక్కం గడగడా సెప్పీసినాది. ఆయన మా సంబరపడిపోయి, "భేష్, నీ పేరేమిటమ్మా?" అన్నారు.

గుంట నోరు తెరిసి, నా ఏపు సూసినాది.

ఆ సూపు నాకిప్పటికీ... నీకర్దం అవుతన్నాదా? మా పాకల్లో ఆ పేరు సిమ్మాసలం. రెండు స లు. అందులో ఏది ఉండాల, ఏది చ అవ్వాల? నా మొకంలోన ఎతుక్కుంటన్నాది. నాను ఏటీ సెప్పలేదు. అప్పుడు రెండూ మార్సీసి, సేతులు కట్టుకుని, గట్టిగా అన్నాది, "చిమ్మాచలం అండి."

కన్నోల్లు దేవుడికి మొక్కి పెట్టుకున్న పేరమ్మా. తన పేరు తనే తప్పనుకున్నాది.

ముందు నవ్విందెవులో తెలుసా? ఆఫీసరు కాదు, పిల్లలు కాదు. నాను. నవ్వకపోతే నాదీ ఆ పాకలే అని ఆయన కనిపెట్టీస్తాడేమో అని బయమేసింది. నా ఎనకాల తరగతంతా నవ్వినాది. ఆ గుంట నవ్వలేదు, ఏడవలేదు. సేత్తోటి నోరు మూసుకుని కూర్సున్నాది.

సోమవారం రాలేదు. మంగళవారం రాలేదు. నాను ఎల్లినాను ఆల్లింటికి, ఎల్లలేదని అనుకోకు. ఆల్లమ్మ, "జీడిపిక్కలకి ఎల్తన్నాదండి, బడికి రానంటన్నాదండి" అన్నాది. గుంట తడిక ఎనకాల నిలబడున్నాది. సారీ అనీవొచ్చు. సారీకి చ కూడా అక్కర్లేదు, స యే. అయినా నోటికి రాలేదు. "రేపు బడికి వచ్చెయ్యి" అని చెప్పి, మంచి తెలుగులో చెప్పి, వచ్చీసినాను.

తరవాత ఎన్ని బళ్ళు తిరిగినానో. యలమంచిలి ఏపు, పాయకరావుపేట ఏపు. పెళ్ళీ పెటాకులూ లేవు. మావోల్లలో "టీచరమ్మని మనమేటి సేసుకుంటాం" అన్నారు, అవతలోల్లు పాకల పిల్ల మాకెందుకన్నారు. సర్లే, ఆ గోలిప్పుడెందుకు. రిటైరై ఇక్కడ, ఈ బస్టాండెనక సందులోన అద్దెకి దిగినాను. దిగినాక తెలిసింది, ఎనక సందులో సిమ్మాసలం ఉందని. జీడిపిక్కల షెడ్డులో పని. జీడి అంటుకుని ఏల్లు నల్లగయిపోనాయి.

దాని నోరు ఇనాల నువ్వు! కొలాయి కాడ అదుంటే సందంతా సంబరం. అందర్నీ నవ్విస్తాది. నాను బిందె పట్టుకుని ఎల్లినానా, ఆగిపోద్ది. పైటకొంగు నోటికి అడ్డం పెట్టుకుని, తల వంచి, "నమస్కారమండి" అంటాది. అదొక్కత్తే కాదు. సంతలో వంకాయలమ్మే ఆడూ నా దగ్గర సదివినోడే. అందరితోటీ "ఏటి కావాలప్పా, బేగి సెప్పు" అంటాడు. నన్ను సూస్తే నిటారుగా నిలబడి, "చెప్పండి టీచరుగారూ" అంటాడు. గౌరవమే. గౌరవమే తల్లీ. కానీ ఈ ఊరంతా నన్ను సూసి నోరు సర్దుకుంటాది. నాతోటి మనిసిలాగ మాటాడి ఎన్నాళ్ళయిందో. ఒక్కరు, ఒక్కరు "ఏటే, తిన్నావేటే" అంటే బాగుణ్ణని ఉంటాది. ఎవులంటారు? నాలికలు దిద్దిందే నాను.

మొన్న జొరం వచ్చినాది నాకు, మూడ్రోజులు లెగలేదు. తలుపు తోసుకుని ఎవులో వచ్చినారు. సూస్తే సిమ్మాసలం. గ్లాసుతోటి రాగిపిండి అంబలి. నా పక్కన పెట్టి, నిదానంగా, ఒక్కో అచ్చరం సూసుకుని, "చోడంబలి అండి, తాగండి" అన్నాది.

యాబయ్యేళ్ళ మనిసి, జొరంతో పడున్న ముసిల్దానికి అంబలి తెచ్చి, డిక్టేసను రాస్తన్నాదమ్మా.

నాకు ఆగలేదు. లేసి కూర్సుని, సెయ్యి పట్టుకుని అన్నాను, "ఏటే సిమ్మాసలం, ఇది సోడంబలి కాదేటే? మాయమ్మ కాసీదే, ఇదే సోడంబలి" అని. నా ఇంటి మాటలోన. నలబయ్యేళ్ళకి మొదటిసారి ఒక మనిసితోటి.

దాని మొకం ఎలగయిపోనాదంటే... సెయ్యి లాక్కున్నాది. ఎక్కిరిస్తన్నాననుకున్నాది. "తప్పయితే క్షమించండి టీచరుగారూ" అని, నోరు మూసుకుని ఎల్లిపోనాది. ఎనకనించి పిలిసినాను. రాలేదు.

అదిగో, ఆ గూట్లో ఉన్న గ్లాసు ఆల్లదే. తోమి పెట్టినాను. పది రోజులయింది, పట్టుకెల్లడానికి రాలేదు.

ఇప్పుడు నువ్వొచ్చి మనవరాలు నోరిప్పదంటన్నావు. ఎలగిప్పుతాదమ్మా? బడిలోన నోరిప్పకే, నవ్వుతారు అని ఆల్ల నాయనమ్మే సెప్పుంటాది. సిమ్మాసలానికి ఆ పాటం సెప్పింది నాను.

నాకాడ మందేటుంది నీకివ్వడానికి? ఒక్కటి సెయ్యి. రేపెల్లి ఆ గుంట పక్కన కింద కూర్సో. నీ ఇంటి సంగతేదైనా నీ ఇంటి మాటలో సెప్పు. నీది పాయకరావుపేటేనని ఇన్నాను, మీ అమ్మతోటి ఎలగ మాటాడతావో అలగ. అదేటన్నా నవ్వకు. సెట్టు అని రాస్తే సున్నా ఎయ్యకు, పక్కన చెట్టు అని నువ్వు రాసి, రెండూ సెట్టే అని సెప్పు. చ ఎక్కడికీ పారిపోదు, నెమ్మదిగా వస్తాది. ముందు నోరు రావాల.

ఈ గ్లాసు పట్టుకెల్తావా ఆ పూజిత సేతికివ్వడానికి? ... వద్దులే. నానే ఎల్తాను సిమ్మాసలం ఇంటికి. ఎల్లి ఏటనాల, అదే తెలీడం లేదు. నా ఇంటి మాటంటే ఎక్కిరిస్తన్నాననుకుంటాది, బడి మాటంటే టీచర్నయిపోతాను. సూస్తాను. గుమ్మంలో కూర్సుంటాను. ఎల్లగొట్టదు గదా.

సీకటి పడతన్నాది, నువ్వు బేగి ఎల్లు, ఆటోలు దొరకవు. సల్లగుండమ్మా. నీ తరగతి గోలగోలగా ఉండాల. ఏ గుంటా నిన్ను సూసి నోరు సర్దుకోకూడదు, అదే నా దీవెన.

ఏటన్నావు? "వెళ్ళొస్తానండి" ఏటి? అలగ కాదమ్మా. మీ అమ్మతో ఎలగ సెప్పి వస్తావు, అలగ సెప్పు. సిగ్గెందుకు, ఇక్కడెవులున్నారు, నానే కదా.

"...ఎల్లొత్తాను మామ్మా."

ఆఁ? ... ఇంకోపాలి అను.