కమ్లీ అవ్వ నెత్తి మీది మోపు

సభాధ్యక్షులు ధన్‌సింగ్ సారుకు, వేదిక మీది పెద్దలకు, పంకా కింద కుర్చీ దొరికిన అదృష్టవంతులకు, దొరకని మిత్రులకు ఈ మసీదు ఇమాం అబ్దుల్ బారీ సలాం.

ఇరవై రెండేళ్లు మానుకోట విలేకరిగా పనిచేసి నేటితో కలం పక్కన పెడుతున్న మా వెంకట్రాం అన్నను పొగడమని నన్ను పిలిచారు. పొగుడుతాను. తెలంగాణ ఊరేగింపులో లాఠీ దెబ్బ తిని, దవాఖాన మంచం మీద నుంచే ఆ వార్తను ఫోన్లో చెప్పి, అందులో తన పేరు మాత్రం వదిలేసిన మనిషి. (చప్పట్లు)

అడవి వార్తలకు మాత్రం అన్న దగ్గర ఒకటే ఫొటో ఉండేది. ఆరేళ్ల కింద దంతాలపల్లి దారిలో ఎండుపుల్లల మోపు దించి కూర్చున్న కమ్లీ అవ్వను "జర మళ్ల నెత్తికెత్తుకో అవ్వా" అని అడిగి తీశాడు. అప్పటినుంచి ఎక్కడ చెట్టు కూలినా పేపర్లో ఆమే. సోమవారం జనగామలో నరికింది, గురువారం భూపాలపల్లిలో నరికింది. మొన్న సకల జనుల సమ్మెలో బస్సులు బందు, బడులు బందు, ఆఫీసులు బందు. అవ్వ ఒక్కతే డ్యూటీ చేసింది. (నవ్వులు) టేకు దుంగల లారీలు మాత్రం ఒక్కసారీ ఫొటోకు దొరకలేదు. వాటికి సిగ్గెక్కువ.

నవ్వండి. పోడు పట్టాకు ఆమె దరఖాస్తు పెడితే, అడవి నరికేది ఈమేనని ఒక అధికారి ఆ పేపర్ ముక్క చూపించే పక్కన పెట్టాడు. "నేను భూపాలపల్లి ఎన్నడు సూడలే బాపూ" అన్నదట. ఎల్లుండి మళ్లీ విచారణ.

సులేమాన్ ప్రవక్త, పక్షి తెచ్చిన పరాయి దేశం వార్తను కూడా విచారించందే నమ్మలేదు. ఆ పక్షి కనీసం ఆ దేశం పోయి చూసి వచ్చింది. నేను విచారించలేదు. జుమ్మా నాడు మసీదులో ఆ పేపర్ ఎత్తి పట్టుకొని, చెట్లను చంపే చేతులివే అని గంటసేపు నిప్పులు కురిపించి, ఇంటికి పోయి, ఆమె అమ్మిన పుల్లలతో వండిన అన్నమే తిన్నాను. (రెండో వరుస వైపు తిరిగి) అవ్వా, నిన్ను పిలిపించి రెండో వరుసల కూసోబెట్టింది గిందుకే. ఇంతమంది ముందట చెప్తున్న, తప్పు నాది. మాఫ్ చెయ్యి.

వెంకట్రాం అన్నా, ఇప్పుడు అయిదున్నర. ఏడింటిదాకా పేపరోళ్లు నీ వార్త తీసుకుంటరు. నీకు కప్పే శాలువా నా చేతులనే ఉన్నది, నువ్వు సవరణ రాసేదాకా ఈడనే ఉంటది. ఫొటో గూడ తియ్యి. కుర్చీల కూసున్నట్టే తియ్యి. ఈసారి ఆమె నెత్తి మీద ఏమీ ఉండొద్దు.

ఓపికగా విన్నందుకు అందరికీ షుక్రియా. సెలవు.