అల్లికల గ్రూపుకు పంపిన ఇరవై మూడు ఫోటోలు

నా పేరు గెర్డా థోర్‌స్ట్రప్. వయసు డెబ్బై ఒకటి. ఓడరేవు క్యాంటీన్‌లో ఇరవై ఎనిమిదేళ్లు వంట చేసి రిటైరయ్యాను. లెమ్విగ్‌లో మా అమ్మాయి సిగ్నె ఇంటికి రెండు వీధుల అవతల ఉంటాను. ఈ వాంగ్మూలం ఇవ్వమని నన్నెవరూ బలవంతపెట్టలేదు. పోలీసు ఆఫీసరు గారు రెండుసార్లు ఆపి మంచినీళ్లు తాగమన్నారు. నాకు నీళ్లు అక్కర్లేదు, చెప్పనిస్తే చాలు.

మే 14, బుధవారం నా మనవడు మాల్టెకు అయిదేళ్లు నిండాయి. అలవాటు ప్రకారం కిండర్‌గార్టెన్ పిల్లలంతా పుట్టినరోజు ఇంటికి నడిచి వచ్చారు. సిగ్నె ఇల్లు ఇరుకని మా ఇంట్లోనే పెట్టాం. పది గంటలకు వచ్చారు, పదకొండున్నరకు వెళ్లారు. అందరికీ పసుపు జాకెట్లు. వాటి వీపు మీద కిండర్‌గార్టెన్ పేరు, ఫోన్ నంబరు ఉంటాయి. పుట్టినరోజుకు మా ఆనవాయితీగా జెండా ఎగరేశాను, బన్నులు, కేకు చేశాను.

టీచరు మెరెటె ఫోటోలు తీసింది. అవి కిండర్‌గార్టెన్ యాప్‌లోనే ఉండాలనీ, ఒక పాప ఫోటో బయటికి పోకూడదనీ వంటగదిలో నాతో చెప్పింది. విన్నాను. చెవిన పడింది, బుర్రకెక్కలేదు. ఎప్పుడూ ఉండే రూల్సేలే అనుకున్నాను.

ఆ యాప్‌ను సిగ్నె నా ఫోన్‌లో కూడా పెట్టింది. 12.20కి ఫోటోలు వచ్చాయి. మా అల్లికల గ్రూపుకు కేకు ఒక్కటే చూపిద్దామని షేర్ నొక్కాను. అన్ని ఫోటోలా, ఎంచుకున్నవా అని ఫోన్ అడిగింది. కళ్లద్దాలు పొయ్యి దగ్గర ఉన్నాయి. లేవడానికి బద్ధకించి అన్నీ అని నొక్కాను. ఇరవై మూడు పోయాయి. గ్రూపులో పదకొండు మందిమి. అందరూ కేకును మెచ్చుకున్నారు. నేను పొంగిపోయాను కూడా.

మే 16, శుక్రవారం 2.40కి మాల్టెను తీసుకురావడానికి వెళ్లాను. గేటు దగ్గర ఒకతను నిలబడి ఉన్నాడు. శుభ్రంగా, మర్యాదగా ఉన్నాడు.

"అమ్మా, ఈ గొళ్లెం నాకు రావడం లేదు. కాస్త తీస్తారా? మా పాప లివ్ లోపలుంది," అన్నాడు.

గొళ్లెం పిల్లలకు అందకుండా పైన, వెనక వైపు ఉంటుంది. తెలిసినవాళ్లకే చెయ్యి పోతుంది. నేను చెయ్యి పెట్టాను కూడా. అప్పుడు తన ఫోన్‌లో ఒక ఫోటో చూపించాడు. పసుపు జాకెట్ వేసుకున్న లివ్. వెనక మా వరండా. మా వరండా, సార్. మెరెటె మాట అప్పుడు బుర్రకెక్కింది. గొళ్లెం తియ్యకుండా అలాగే పట్టుకున్నాను.

"ఆ పిల్ల ఇవాళ రాలేదు నాయనా," అన్నాను.

అంతలో లివ్ నన్ను చూసి పరుగెత్తుకొచ్చింది.

"మాల్టె అమ్మమ్మా, ఇవాళ కూడా కేకుందా?"

అతను నెమ్మదిగా, "లివ్, నాన్నని," అన్నాడు. పిల్ల ఏడవలేదు. నిలబడ్డచోటే ప్యాంటు తడిపేసుకుంది. అతను గేటు లాగాడు. నేను గొళ్లెం వదల్లేదు. రెండు వేళ్లు నలిగిపోయాయి, అయినా వదల్లేదు. మెరెటెను గట్టిగా పిలిచాను. ఆమె పిల్లను లోపలికి ఎత్తుకెళ్లి ఫోన్ చేసింది. 2.58కి మీవాళ్లు వచ్చి అతన్ని పట్టుకున్నారు.

మా గ్రూపులో ఎల్లెన్ అతనికి మేనత్త అని తర్వాత తెలిసింది. పిల్ల కులాసాగా ఉందన్న సంబరంలో తన అన్నకు పంపిందట, ఆయన కొడుక్కి చూపించాడు. జాకెట్ల మీది పేరు చూసే అతను ఆ గేటు దాకా వచ్చాడు. ఎల్లెన్‌ను ఏమీ అనను. మొదట పంపింది నేను.

3.30కి లివ్ తల్లి త్రీనె వచ్చింది. నన్ను తిడుతుందనుకున్నాను. తిట్టినా బాగుండేది. పిల్ల జాకెట్ జిప్ పెడుతూ, నావైపు చూడకుండా, "ఇంకెవరెవరికి వెళ్లాయండీ?" అని అడిగింది. పదిమందికి అన్నాను. "వాళ్లెవరికి పంపారు?" అంది. తెలియదన్నాను. "సరే," అని పిల్లను ఎత్తుకుని వెళ్లిపోయింది.

ఈ ఉదయం వాళ్ల ఇల్లు ఖాళీగా ఉంది. అతనికి దొరక్కుండా మళ్లీ పేరు, ఊరు మార్చుకుంటారట, ఇది మూడోసారట. నేను పదిమందికీ ఫోన్ చేసి ఫోటోలు తీసేయించాను. ఇద్దరు మాత్రం ఎవరికి పంపామో గుర్తులేదన్నారు. ఆ మాట కూడా రాయండి.

ఇది నా నోటితో చెప్పిందే. చదివి వినిపించారు, అంతా నిజమే. ఎక్కడా నాకు అనుకూలంగా మార్చమని అడగలేదు.

కుడిచేతి వేళ్లకు కట్టు ఉన్నందున ఎడమ బొటనవేలి ముద్ర:
గెర్డా థోర్‌స్ట్రప్
లెమ్విగ్, 17 మే 2025, ఉదయం 11.15