అయిపోయిన బ్యాటరీలు

పొద్దున్నే, వంటింట్లో. నిన్న సాయంత్రం మొగుడితో, ఆయనకిష్టమైన పాత బ్యాండు కచేరీకి వెళ్లొచ్చిన తల్లి బీన్స్ తుంచుతోంది. కూతురు డ్యూటీకి బయల్దేరుతూ, చేతిలో ఏదో పట్టుకుని గుమ్మంలో ఆగింది.

"అది కాదమ్మా నేనడిగింది. నిన్న నాన్న మిషన్‌లో ఏ బ్యాటరీలు పెట్టావు?"

"ఏ మిషను?"

"చెవి మిషను. కుట్టు మిషన్‌కి బ్యాటరీలుంటాయా?"

"ముందు ఆ సంచి భుజం మీంచి దించు. అలా వేలాడేసుకునే నీ మెడ నరాలు పట్టేస్తున్నాయి."

"అమ్మా."

"పెట్టాను. నువ్వు తెచ్చిన కొత్తవే పెట్టాను."

"ఇదిగో నేను తెచ్చిన ప్యాకెట్టు. స్టిక్కర్ పీకితేగానీ ఈ బ్యాటరీ పనిచెయ్యదు. ఒక్క స్టిక్కరూ పీకలేదు, చూడు."

"ఆ హాలుకి తలుపులు ఆరేనే. ఎన్ని వేల మంది జనం, ఆరు తలుపులు. నిప్పంటుకుంటే ఏ తలుపులోంచి ఆయన్ని లాక్కుపోవాలా అని అదే చూస్తూ కూచున్నాను. నా గొడుగు కూడా గేటు దగ్గరే లాగేసుకున్నారు. వానొస్తే?"

"హాల్లో వానేంటమ్మా?"

"పైకప్పు మీద నమ్మకమేంటి? ఆ దీపాలు నువ్వు చూడాల్సింది, ఒక్కోటి గంగాళమంత. సన్న ఇనప కడ్డీలకి వేలాడదీశారు. కింద ఆ నలుగురు ముసలాళ్లు. డ్రమ్ములు వాయించేవాడు మోకాలికి పట్టీ వేసుకుని మరీ ఎక్కాడు పాపం. వాళ్లమ్మలు ఉన్నారో లేదో, ఉంటే ఎలా పంపారో."

"ఏ బ్యాటరీలు పెట్టావమ్మా?"

"అగ్గిపెట్టెలో ఉన్నవి."

"అగ్గిపెట్టెలో వేసేవి అయిపోయినవి కదా. పారేద్దామని పక్కన పెట్టినవి."

"డాక్టరేమన్నాడు? ఎడమ చెవి ఎప్పుడో పోయింది. కుడి చెవిలో గుప్పెడు వినికిడి మిగిలింది, పెద్ద చప్పుడు పడితే అదీ పోతుందన్నాడా లేదా?"

"జాగ్రత్త అన్నాడు. ఆయన్ని అడిగే కదా చివరి వరసలో టికెట్లు తీశాను. ముప్పై ఏళ్లు ఎదురుచూశాడమ్మా. ఒకసారి ఆ బ్యాండు వాళ్లొస్తే మిల్లులో సెలవివ్వలేదు. ఇంకోసారి నేను పుట్టాను. ఆ తర్వాత వాళ్లలో వాళ్లే కొట్టుకుని విడిపోయారు. మళ్లీ కలిసి, ఇదే ఆఖరి కచేరీ అన్నారు. అలాంటి మనిషిని తీసుకెళ్లి చెవులు మూసి కూచోబెట్టావు."

"ఎందుకలా అంటావు, ఆయన బాగానే విన్నారు. చప్పట్లు కొట్టారు తెలుసా? తాళం తప్పకుండా కొట్టారు. వినపడకపోతే ఎలా కొడతారు? అప్పుడే అనుకున్నా, ఆ బ్యాటరీల్లో ఏ కాస్తో మిగిలుంటుందిలే అని."

"పక్కవాళ్లని చూసి కొట్టుంటాడు."

"మరి నవ్వారే. మూడు గంటలూ నవ్వుతూనే ఉన్నారు."

"నాన్న ఏడ్చింది ఎప్పుడైనా చూశావా నువ్వు? వచ్చేటప్పుడు దార్లో ఏమన్నాడు?"

"ఏమంటారు? 'ఇటు తిరిగి మాట్లాడు' అన్నారు. ఈమధ్య అదొకటి పట్టుకున్నారులే. పక్కన కూచుంటే కాదు, ఎదురుగా కూచోవాలట. ఇన్నేళ్ల కాపురంలో నా మొహం ఇప్పుడు ముద్దొచ్చిందా అన్నాను."

"ఇంటికొచ్చాకైనా టేపు పెట్టాడా?"

"టేపు పెట్టడం మానేసి రెండు నెలలైంది. కచేరీకని ఆకలి దాచుకుంటున్నారనుకున్నా. నా ప్రాణానికి మాత్రం సుఖంగా ఉంది. పొద్దున లేస్తే ఆ రొదే కదా ఈ ఇంట్లో."

"నీకా పాటలు ఎప్పుడూ పడలేదు."

"నాకేం తెలుసు ఆ పాటలు. నేను తలుపులు చూస్తూ కూచున్నానని చెప్పానుగా."

"సరే. నాన్న పెరట్లో గడ్డం గీసుకుంటున్నాడు. ఆ ఉన్న గుప్పెడూ పోయిందని, ఇక తను పూర్తిగా చెవిటివాణ్నని అనుకుంటూ గీసుకుంటున్నాడు. నువ్వు చేసిన పని వల్ల. వెళ్లి చెప్పు."

"వద్దే. నీకు దణ్ణం పెడతాను. కొత్తవి మెల్లగా నేనే పెట్టేస్తాను. రాత్రికి రాత్రి బాగయిందనుకుంటారు."

"ఇంకో అబద్ధమా?"

"నా భయం నీకేం తెలుసు. పదిసార్లు పిలిస్తే ఒకసారి పలుకుతారు. వెనకనుంచి లారీ వస్తే? నేను లేనప్పుడు గ్యాసు సుయ్యిమంటే? ఆ గుప్పెడు వినికిడినీ కళ్లలో వత్తులేసుకుని కాచుకుంటున్నాను. ఒక్క సాయంత్రం పాటల కోసం దాన్ని ధారపోయమంటావా?"

"అది నీది కాదమ్మా. నాన్నది. ఏడవకు. వస్తున్నాడు. నాన్నా."

"..."

"నాన్నా. ఇటు."

"ఏంటి తల్లీ, ఇంకా వెళ్లలేదా? బస్సు నీకోసం ఆగుతుందనుకున్నావా?"

"అమ్మ నీకో మాట చెప్పాలట."

"నిన్న మీ మిషన్‌లో అయిపోయిన బ్యాటరీలు పెట్టాను."

"బీన్స్‌తో చెబుతున్నావా, నాతోనా? ఇటు తిరిగి చెప్పు."

"అయిపోయిన బ్యాటరీలు పెట్టానండీ. కావాలనే. మీకేం వినపడకూడదని."

"తెలుసు. అగ్గిపెట్టెలోంచి తీస్తుంటే చూశాను."

"చూసి కూడా ఊరుకున్నావా నాన్నా? కొత్తవి వేసుకోవచ్చు కదా."

"ఏవైనా ఒకటేలే."

"ఒకటే అంటే?"

"ఒకటే అంటే ఒకటే. నీకు ఆలస్యమవుతోంది."

"నాన్నా, ఎప్పట్నుంచి?"

"రెండు నెలలు. ఒకరోజు టేపు పెట్టాను. చక్రాలు తిరుగుతున్నాయి, అంతే."

"రెండు నెలలా? అయ్యో, రెండు నెలల్నుంచి నాతో రోజూ మాట్లాడుతూనే ఉన్నారే. అడిగినదానికల్లా జవాబు చెబుతూనే ఉన్నారే."

"మిల్లులో మగ్గాల హోరులో పక్కవాడి కేక కూడా వినపడేది కాదు. పాతికేళ్లు పెదాలు చూసే కబుర్లు చెప్పుకున్నాం. ఈ వంటింట్లో ఎంత పని?"

"నాకెందుకు చెప్పలేదు?"

"చెబితే నన్ను రోడ్డు దాటనిస్తావా? నీకు నిద్ర ఉంటుందా?"

"మరి ఏమీ వినపడనప్పుడు కచేరీకెందుకొచ్చారండీ? ఆ నవ్వులేంటి, ఆ చప్పట్లేంటి?"

"తాళం నీ చేతిదే. నా మోకాలి మీద వేస్తూనే ఉన్నావుగా. ముప్పై ఏళ్లు ఆ రొద ఆపండన్న మనిషివి, ఒక్క మాట పొల్లుపోకుండా పాటలన్నీ పాడావు. నేను స్టేజీ వైపు చూస్తేగా."